పూర్వపరీక్షా ఫలితములు – ఉన్నతవిద్యయందలి రాణింపు: ఒక హేతు విచారము

కళాశాలలందు ప్రవేశముల కాలము వచ్చినప్పుడు విద్యార్థి మొదట తెచ్చి చూపునది మార్కుల పట్టిక. అధ్యాపకుడు దానిని చూచి, ఇతడు చదువగలడనియో, ఇతనికి ఈ చదువు కష్టమనియో మనస్సులో నిర్ణయించుకొనును. ఆ నిర్ణయము అరనిమిషములో ముగియును గాని, దాని ఫలమును విద్యార్థి మూడేండ్లో ఐదేండ్లో అనుభవింపవలసి యుండును. పాఠశాలయందును, ఇంటర్మీడియట్ నందును వచ్చిన ఫలితము విశ్వవిద్యాలయమున రాబోవు ఫలితమును ఎంతవరకు సూచింపగలదు? ఈ ప్రశ్న విద్యాశాస్త్రజ్ఞులది మాత్రమే కాదు. కనబడుచున్న దానినిబట్టి కనబడని దానిని నిశ్చయించుట అనుమానము. మార్కులను చూచి రాబోవు ప్రజ్ఞను నిశ్చయించుటయు అనుమానమే. కావున అందలి హేతువు నిర్దుష్టమా, సదోషమా అని పరీక్షించుట తర్కము చదివినవారికిని విహితమైన పనియే.

అనుమాన స్వరూపము

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహము నేటికిని తర్కాధ్యయనమునకు తొలి మెట్టు. ఆ గ్రంథమునందలి పరిభాషలో చెప్పినచో, ప్రవేశము కోరి వచ్చిన విద్యార్థి పక్షము. ఉన్నతవిద్యయందు రాణించుట సాధ్యము. పూర్వపరీక్షలందు అధికముగ మార్కులు వచ్చియుండుట హేతువు. అట్టి మార్కులున్న చోటనెల్ల రాణింపును ఉండుననెడి నియమము వ్యాప్తి. పొగను చూచి కొండమీద నిప్పు కలదని చెప్పగలుగుట, నిప్పు లేనిచోట పొగ ఉండదను నియమము తెలిసినందువలననే. ఆ నియమము లేనిచో అనుమానము నిలువదు.

ఆధునిక గణాంకశాస్త్రము ఇట్టి నియమమును ఉన్నదనియో లేదనియో రెండు మాటలలో తేల్చక, ఎంత ఉన్నదో కొలుచును. ఆ కొలతకు సహసంబంధ గుణకమని పేరు. రెండు ఫలితములు కలిసి నడచుట సంపూర్ణమైనచో గుణకము ఒకటి. ఏ పొంతనయు లేనిచో సున్న. గుణకము 0.5 అని అనుకొన్నచో, దాని వర్గము 0.25 అగును. అనగా విద్యార్థుల మధ్య కనబడు తేడాలలో నాలుగవ వంతు మాత్రమే పూర్వఫలితములతో పొసగుచున్నదనియు, మిగిలిన మూడు వంతులు వేరు కారణముల నపేక్షించుచున్నవనియు అర్థము. సగము సంబంధమున్నదన్న మాట వినుటకు గొప్పగ నుండును. లోతుగ చూచినచో తెలియని భాగమే ఎక్కువ.

మార్కులకు అధికారము వచ్చిన తీరు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయము ననుసరించి ఏర్పడెను. తొలినాళ్ళలో వాని ముఖ్యకార్యము బోధనము కాదు, పరీక్షా నిర్వహణము. ఉన్నత పాఠశాల చదువు ముగిసినదనుటకును, విశ్వవిద్యాలయ ప్రవేశమునకు అర్హత కలదనుటకును మెట్రిక్యులేషన్ అను ఒక్క పరీక్షయే ప్రమాణమాయెను. పాఠశాల ఫలితమునకు ఉన్నతవిద్యా ద్వారమును తెరచు అధికారము ఇట్లు సంక్రమించినది.

స్వాతంత్ర్యానంతరము 1964–66 నాటి కొఠారీ సంఘము సూచనల తరువాత పది, రెండు, మూడు సంవత్సరముల విభాగము దేశమున వ్యాపించెను. ఆంధ్రప్రదేశమున ఈ పద్ధతి 1969–70లో ప్రవేశించినది. ఇంటర్మీడియట్ విద్యామండలి 1971లో ఏర్పడినది. కాలక్రమమున పదవ తరగతి, ఇంటర్మీడియట్ రెండు సంవత్సరములు కలిసి మూడు బహిరంగ పరీక్షల ఫలితములు విద్యార్థి వెంట విశ్వవిద్యాలయమునకు వచ్చుచున్నవి.

ఐనను ఈ ఫలితములపై విశ్వాసము అంతటను ఒక్కతీరుగ నిలువలేదు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో ర్యాంకును నిర్ణయించునప్పుడు ఇంటర్మీడియట్ మార్కులకు చాలకాలము 25 శాతము స్థానముండెను. తెలంగాణ రాష్ట్రము 2023లో దానిని తొలగించినది. ఢిల్లీ విశ్వవిద్యాలయమున 2021లో కొన్ని కళాశాలలు కొన్ని పాఠ్యక్రమములకు నూటికి నూరు మార్కులను ప్రవేశపు హద్దుగ ప్రకటింపవలసి వచ్చెను; మఱుసటి ఏడు, 2022లో, కేంద్రీయ విశ్వవిద్యాలయములకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చినది. ఒక హేతువుపై నమ్మకము సడలినప్పుడే మఱియొక హేతువును వెదకుట జరుగును.

పూర్వపక్షము: మార్కులు సద్ధేతువే

మార్కులను నమ్మరాదని తొందరపడి చెప్పుటయు తగదు. వానికి అనుకూలమైన ప్రమాణములు బలమైనవే. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్రవేశము పొందిన దాదాపు 80,000 మంది విద్యార్థులను నాలుగేండ్లు అనుసరించి చేసిన ఒక పరిశీలనము 2007లో వెలువడినది. సాల్ గైజర్, మరియా వెరోనికా సాంటెలిసెస్ దాని కర్తలు. ఉన్నత పాఠశాలలో తరగతి వారీగ వచ్చిన శ్రేణులు, ఒక్కపూట జరుగు ప్రవేశ పరీక్ష కన్న మెరుగుగ విశ్వవిద్యాలయ ఫలితమును సూచించుచున్నవని అందు తేలినది. అంతేకాక ఆ సూచనశక్తి మొదటి సంవత్సరముతో క్షీణింపక, తరువాతి సంవత్సరములలో పెరిగినదని కూడ కనుగొన్నారు. దీనికి కారణమును ఊహించుట కష్టము కాదు. ఒక్కపూట పరీక్ష ఆనాటి స్ఫురణను కొలుచును. ఏండ్ల తరబడి వచ్చిన శ్రేణులు ప్రతిదినమును కూర్చుండి చదువు అలవాటును, చెప్పిన పనిని గడువులోపల ముగించు నియమమును, విసుగు చెందని ఓర్మిని కొలుచును. ఉన్నతవిద్యకు ఇవియే ఆధారములు.

ఐనను ఆ పరిశీలనమునందు సైతము శ్రేణులు, పరీక్షలు, కుటుంబ స్థితి అన్నియు కలిపి లెక్కించినను విద్యార్థుల తేడాలలో ముప్పది శాతము లోపే వివరణకు లొంగినవి. శేషించిన పెద్దభాగము మార్కుల పట్టికలో కనబడనిది.

వ్యభిచార స్థలములు

హేతువున్నను సాధ్యము లేని స్థలము కనబడినచో హేతువు సవ్యభిచారమగును. ఇట్టి స్థలమునకు శ్రీనివాస రామానుజన్ జీవితము ప్రసిద్ధమైన నిదర్శనము. కుంభకోణములోని ఉన్నత పాఠశాలలో ఆయన బహుమానములందిన విద్యార్థి. 1904లో విద్యార్థి వేతనముతో అచ్చటి ప్రభుత్వ కళాశాలలో చేరెను. గణితమునందే మనస్సు నిలిపి ఇతర విషయములందు తప్పుటచే ఆ వేతనమును కోల్పోయెను. తరువాత మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. పాఠశాల ఫలితము చూచి కళాశాల ఫలితము నూహించినవారు ఇచ్చట పొరబడిరి. ఆ కళాశాల ఫలితము చూచి ఆయన భవిష్యత్తు నూహించినవారు మఱింత పొరబడిరి. 1918లో ఆయన లండన్ రాయల్ సొసైటీకి సభ్యుడాయెను. ఐతే ఇది అపవాదము. వ్యాకరణమున అపవాదము ఉత్సర్గమును తన విషయమున మాత్రమే బాధించును గాని నిర్మూలింపదు. ఒక్క రామానుజన్‌ను చూపి పరీక్షలన్నియు వ్యర్థములనుట తర్కము కాదు.

సామాన్య విద్యార్థుల విషయమున కనబడు వ్యభిచారము ఇంతకన్న విచారింపదగినది. ఇంగ్లండులో ఉన్నతవిద్యకు నిధులు సమకూర్చు మండలి 2014లో ఒక పరిశీలనమును ప్రకటించినది. పాఠశాలాంత పరీక్షలో సమానమైన శ్రేణులు పొందిన విద్యార్థులలో, ప్రభుత్వ పాఠశాలలనుండి వచ్చినవారు అధిక రుసుములు గల స్వతంత్ర పాఠశాలలనుండి వచ్చినవారికన్న విశ్వవిద్యాలయమున మెరుగైన పట్టములు పొందుచుండిరని అందు తేలినది. మార్కు ఒక్కటే, దాని వెనుకనున్న శ్రమ ఒక్కటి కాదు. ప్రత్యేక శిక్షణతో వచ్చిన మార్కు, స్వయముగ పుస్తకము ముందు కూర్చుండి తెచ్చుకొన్న మార్కు పట్టికలో ఒక్క అంకెగనే కనబడును. తెలుగునాట వసతిగృహములో వేకువనుండి రాత్రివఱకు ప్రశ్నలకు సమాధానములు వల్లె వేయించు కళాశాలలో చదివిన విద్యార్థిని, అధ్యాపకుల ఖాళీలు నిండని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివిన విద్యార్థిని ప్రక్కప్రక్కన నిలిపి చూచువారికి ఈ భేదము తెలియనిది కాదు.

హేతువు పూర్తిగ శక్తిని కోల్పోవు సందర్భమును ఇటీవలి కాలము చూపినది. కోవిడ్ వ్యాధి వలన 2021లో రెండు తెలుగు రాష్ట్రములందును పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు రద్దయ్యెను. తెలంగాణలో ఆ ఏడు పదవ తరగతిలో రెండు లక్షలకు పైగా విద్యార్థులకు పదికి పది సూచీ వచ్చినది. వారిలో ప్రతిభావంతులు లేరని కాదు. వారెవరో ఆ పట్టిక చెప్పలేకపోయినదనుటయే ఇచ్చటి విషయము. హేతువు అందఱియందును సమానముగ నున్నప్పుడు దానిచేత ఏ ఒక్కరి విశేషమును నిశ్చయింప శక్యము కాదు.

ఇచ్చట ఒక మెలకువ అవసరము. తొంబది శాతమునకు పైబడినవారిని మాత్రమే చేర్చుకొన్న కళాశాలలో లెక్కలు తీసినచో, పూర్వపు మార్కులకును తరువాతి ఫలితములకును పొంతన చాల తక్కువగ కనబడును. అంతమాత్రమున మార్కులకు విలువ లేదని చెప్పరాదు. జల్లెడలో ఒకే పరిమాణము గల గింజలు మిగిలిన తరువాత, గింజ పరిమాణమునకును మొలకకును సంబంధము లేదనుట వంటిది ఆ వాదము. జారిపోయిన గింజలను నాటి చూడలేదు గదా.

ఉపాధి నిరూపణము

ఇట్లు హేతువు కొన్నిచోట్ల నిలిచియు, కొన్నిచోట్ల తప్పియు కనబడినప్పుడు శాస్త్రము ఉపాధిని వెదకుమనును. నిప్పును చూచి పొగ కలదని చెప్పుట దోషము. బాగుగ కాలిన ఇనుపగుండునందు నిప్పున్నది గాని పొగ లేదు. పొగకు నిజముగ తోడైనది తడి కట్టెతో సంబంధము. పొగ ఉన్నచోటనెల్ల ఆ సంబంధముండును, నిప్పున్నచోటనెల్ల ఉండదు. సాధ్యమునకు వ్యాపకమై, హేతువునకు వ్యాపకము కానిది ఉపాధి.

ఉన్నతవిద్య విషయమున ఆ తడి కట్టె యేది? నేర్చిన నియమమును ఎన్నడును చూడని సందర్భమునందు వినియోగింపగల అభ్యాసము. విశ్వవిద్యాలయమున రాణించిన ప్రతివానియందును ఇది ఉండును. మార్కులు వచ్చిన ప్రతివానియందును ఉండునని చెప్పలేము. పరీక్ష ఈ అభ్యాసమునే కొలిచినప్పుడు మార్కులు సద్ధేతువులగును. పరీక్ష ధారణను మాత్రమే కొలిచినప్పుడు, లేక ఏమియు కొలువనప్పుడు, మార్కులు కాలిన ఇనుపగుండు వంటివి.

ఇంటర్మీడియట్ సంస్కృతము

ఈ విచారము ప్రాచ్య కళాశాలలకు అత్యంత సన్నిహితమైనది. ఇంటర్మీడియట్‌లో రెండవ భాషగ సంస్కృతము తీసికొను విద్యార్థుల సంఖ్య అధికము. అది సంస్కృతాభిమానముచే మాత్రమే జరుగుచున్నదని ఎవ్వరును చెప్పరు; ఆ భాషలో మార్కులు సులభముగ వచ్చునను ప్రసిద్ధియే ముఖ్యకారణము. కొన్ని ప్రశ్నలకు తెలుగునందో ఆంగ్లమునందో సమాధానము వ్రాయు వీలుండుట, పాఠముల సారాంశములు ముందుగనే సిద్ధముగ లభించుట ఈ సౌలభ్యమునకు తోడగుచున్నవి. ఇంజనీరింగ్, వైద్య విద్యలకు పోవువారికి దీనివలన నష్టము లేదు. నష్టము పొందువాడు ఆ మార్కులను నమ్మి సంస్కృతమునే ఉన్నతవిద్యగ ఎన్నుకొను విద్యార్థి.

నూటికి తొంబదియెనిమిది మార్కులతో వచ్చిన అట్టి విద్యార్థి ముందు, పాఠ్యపుస్తకములో లేని ఒక చిన్నవాక్యము నుంచినట్లు అనుకొందము: "వృద్ధో వనం గత్వా ఫలాన్యానయతి." వృద్ధుడు అడవికి పోయి పండ్లు తెచ్చుచున్నాడని అర్థము. ఇందు 'ఫలాన్యానయతి' అనుదానిని 'ఫలాని', 'ఆనయతి' అని విడదీయవలెను. 'వృద్ధో' అనునది విసర్గసంధి వలన వచ్చిన రూపమని గుర్తింపవలెను. 'గత్వా' అనునది ముందు జరిగిన క్రియను చెప్పుచున్నదని తెలియవలెను. తరువాత వృద్ధులు ఇద్దరైనచో వాక్యమెట్లు మాఱునని అడిగినప్పుడు "వృద్ధౌ వనం గత్వా ఫలాన్యానయతః" అని చెప్పగలుగవలెను. శబ్దములు, ధాతురూపములు నేర్చి, వానిని కూర్చుట అలవడిన బాలునికి ఇది క్షణకాలపు పని. సారాంశములు మాత్రమే కంఠస్థము చేసినవానికి తొలిపదముననే అడ్డు తగులును. మొదటివాని పట్టికలో డెబ్బదియే ఉండవచ్చును.

రెండవవాడు మందబుద్ధి యని తలచుట అన్యాయము. అతనికి భాష నేర్పబడలేదు. భాష పేరిట మార్కులు ఈయబడినవి. శాస్త్రి తరగతిలోనో, బి.ఏ. సంస్కృతములోనో చేరి, కావ్యమునకు అన్వయము చెప్పలేకపోయిన నాడు తనకు కలిగిన లోపము ఎక్కడనుండి వచ్చెనో అతనికి తెలియదు. ఇంతవఱకు మొదటి వరుసలోనుండి, అకస్మాత్తుగ వెనుకబడినానని సిగ్గుపడి, కొందఱు చదువు మానుదురు. కొందఱు మఱల సారాంశముల నాశ్రయించి పట్టము పొందుదురు. ఆ పట్టముతో ఉపాధ్యాయుడై అతడు బోధించు తరగతి ఎట్లుండునో ఊహింపవచ్చును. దోషము ఇట్లు ఒక తరమునుండి మఱియొక తరమునకు సంక్రమించును.

పాఠశాలా సంప్రదాయమునందలి గుణదోషములు

సంప్రదాయ పాఠశాలలో బోధనమునకును పరీక్షకును నడుమ ఎడము లేదు. నేటి పాఠము చెప్పుటకు ముందు నిన్నటి పాఠము ఒప్పగింపవలెను. తోటివారితో కలిసి చింతన చేయవలెను. విద్యార్థి ఎచ్చట తడబడునో గురువునకు ప్రతిదినమును తెలియుచుండును. శలాకా పరీక్ష ఇట్టి దృష్టినుండి పుట్టినదే. తాళపత్ర గ్రంథమున పుల్లను గ్రుచ్చి, అది తగిలిన పత్రమును తీసి, అందలి విషయమును అప్పటికప్పుడు వ్యాఖ్యానింపుమనుట ఆ పరీక్షా విధానము. ఏ పత్రము వచ్చునో ముందుగ తెలియదు కనుక ఎన్నిక చేసి చదువుటకు వీలులేదు.

ఐనను ఈ సంప్రదాయమును దోషరహితమని ప్రశంసించుట సత్యము కాదు. శబ్దమంజరిని, అమరకోశమును తడుముకొనక అప్పగించి, రఘువంశమున ఒక శ్లోకమునకు అన్వయము చెప్పలేని శిష్యులు పాఠశాలలందును ఉండిరి. వల్లె వేయుట విద్యకు పునాది. పునాదినే భవనమని భ్రమించిన గురువులును ఉండిరి. వ్రాతపరీక్షలకు అలవాటుపడని కారణముచేత, తెలిసిన విషయమును మూడు గంటలలో క్రమముగ వ్రాయలేక విశ్వవిద్యాలయ పరీక్షలందు తప్పినవారును కలరు. కావున ధారణనే ప్రజ్ఞగ భావించిన దోషము ఇంటర్మీడియట్ పరీక్షది మాత్రమే కాదు.

సిద్ధాంతము

ఇంతవఱకు జరిగిన విచారమువలన మార్కులు నిరుపాధికమైన హేతువు కావనియు, త్యజింపదగినవియు కావనియు తేలుచున్నది. వానిని ఎట్లు చదువవలెననుట మిగిలిన విషయము.

మొదట, ఒక్క పరీక్ష మొత్తమును కాక, పదవ తరగతినుండి వరుసగ వచ్చిన ఫలితములను కలిపి చూడవలెను. ఏటేట నిలుకడగ వచ్చిన అరువది, ఒక్కసారి మెరసిన తొంబదికన్న నమ్మదగినది. చేరబోవు విషయమునకు దగ్గరనున్న విషయములో వచ్చిన ఫలితము, అన్నింటి మొత్తముకన్న ఎక్కువ తెలుపును.

రెండవది, తరగతులు ఆరంభించిన మొదటి పక్షములో ప్రతి విద్యార్థికిని అపరిచిత వాక్యములతో ఒక మౌఖిక పరీక్ష జరుపవలెను. దాని ప్రయోజనము త్రోసివేయుట కాదు, ఎచ్చట కూర్చుండబెట్టవలెనో తెలిసికొనుట. శబ్దధాతువులు రానివారికి ప్రథమార్ధ సంవత్సరమున దినమునకొక గంట ప్రవేశిక పాఠము చెప్పినచో, పైన చెప్పిన రెండవ విద్యార్థి వెనుదిరుగవలసిన అవసరముండదు. పాఠశాలనుండి వచ్చి వ్రాతకు అలవాటుపడని వానికి అదే కాలములో వ్యాసరచన నేర్పవలెను.

మూడవది, ప్రథమార్ధ సంవత్సర ఫలితము వచ్చిన తరువాత పూర్వపు అభిప్రాయమును మఱల సరిచూడవలెను. దూరమునుండి చూచిన పొగకన్న దగ్గరకు పోయి చూచిన నిప్పు ప్రమాణతరము. ఏ విద్యార్థినైనను ప్రవేశమునాటి అంకెతోనే మూడేండ్లు తూచుట, ప్రత్యక్షము లభించిన తరువాతను అనుమానమునే పట్టుకొనియుండుట వంటిది.

చివరిది అన్నింటికన్న సులభమైనది. వ్యాప్తి తెలియుటకు భూయోదర్శనము, అనగా పలుమార్లు చూచుట, కావలెనని శాస్త్రము చెప్పును. వ్యభిచారము కనబడకుండుటయు కావలెనని చెప్పును. ప్రతి కళాశాలయును తన విద్యార్థుల ప్రవేశపు మార్కులను, మౌఖిక పరీక్షలో కనబడిన స్థితిని, తుది ఫలితమును ఒక పుస్తకమున వరుసగ వ్రాసి, ఐదేండ్లకొకసారి విప్పి చూచినచో చాలును. మధ్యలో చదువు మానినవారి పేర్లను అందులోనుండి కొట్టివేయరాదు. వ్యభిచార స్థలములు తఱచుగ అచ్చటనే యుండును. నేడు సంస్కృతము కొఱకు ప్రాచ్య కళాశాల గడప త్రొక్కు విద్యార్థులు కొద్దిమంది. తొంబదియెనిమిది మార్కులతో వచ్చి తలవంచుకొని పోయినవాడును, డెబ్బది మార్కులు చూచి చేర్చుకొనబడనివాడును ఆ కొద్దిమందిలోనివారే.